అద్దం అవతల షెడ్యూలర్

లోపల కంపైలర్ పని చూసే ఆయన బూటు విప్పేశాడు. మంచి శకునమే. అద్దం గోడకి నడుమంతా పాలరంగు పట్టీ అతికించారు కాబట్టి కూర్చున్నవాళ్ళ ముఖాలు బయటికి కనపడవు, పట్టీ కింద కాళ్ళూ పట్టీ పైన నిలబడ్డవాళ్ళ తలలూ మాత్రమే, అయినా ఆ నీలం మేజోడు ఎవరిదో ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు, మాట చెవికెక్కితే ఆయన ఎడమ బూటు వదులవుతుంది, బుర్రకి కూడా ఎక్కితే ఊడి పక్కన పడుతుంది, ఈ మనిషితో ఇన్నేళ్ళు పనిచేసి ఆ మాత్రం తెలుసుకోకపోతే ఎలా. ఆమె నడవలో నీళ్ళ మిషన్ పక్కన కూర్చుని ఉంది, నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఇటు రారులే అన్న ధీమాతో చేయించినట్టున్న బెంచీ మీద. లోపల తేలాల్సింది ఆమె రాసిన షెడ్యూలర్ సంగతే, ఉంచాలా, తీసేయాలా. తీసేయమని ఇంకెవరైనా ప్రతిపాదన పెట్టి ఉంటే ఈపాటికి వాళ్ళ దుంప తెంచేది. పెట్టింది తనే.

తను పెట్టిన ప్రతిపాదన మీద తను నోరు విప్పకూడదు, అదీ ఇక్కడి పద్ధతి, తాత పెట్టిన పద్ధతి. తాత అంటే ఇక్కడ ఎవరికీ తాత కాదు, ఈ ప్రోగ్రామింగ్ భాషని పుట్టించిన మనిషి, పుట్టించిన నాటికే గడ్డం నెరిసి ఉందని పాతవాళ్ళంటారు, ఆయనకి వాదనలంటే పడి చచ్చేంత ఇష్టం, వాదించేవాళ్ళంటే మాత్రం ఒళ్ళు మంట, ప్రతివాడూ తను కన్న బిడ్డని తనే ముద్దు చేసుకుంటుంటే నేనేం తేల్చను అని విసుక్కుని ఒకరోజు ఖరాఖండిగా చెప్పేశాడు, ఇకమీదట ప్రతిపాదన పెట్టినవాళ్ళు నడవలో కూర్చోవాలి, దాన్ని అందరికన్నా గట్టిగా కాదన్నవాళ్ళే లోపల నిలబడి దాని తరఫున వాదించాలి. కొత్తవాళ్ళు మొదటిసారి విని తాతకి మతి పోయిందనుకుంటారు, తమ వంతు వచ్చినప్పుడు గానీ తెలియదు, కిట్టని మాటని పట్టుకుని నలుగురి ముందు నిలబెట్టాలంటే దాన్ని రాసినవాళ్ళకన్నా బాగా అర్థం చేసుకోవాలి మరి. ఇవాళ ఆ నిలబడ్డది పిడుగు. పట్టీ పైన సగం నుదురు, ఒక జత కళ్ళు, నడినెత్తిన ముడేసిన జుట్టు, అంతే కనపడుతోంది, ఇంకో బెత్తెడు పొడుగుంటే ముక్కు కూడా కనపడేది. చేరిన కొత్తలోనే తాత మాటకి అడ్డం తిరిగి, తాత చేత ఔననిపించి, ఆ పేరు తెచ్చుకున్న పిల్ల. ఈ షెడ్యూలర్ జోలికి ఎవరొచ్చినా మీదపడి రక్కే పిల్ల. దాన్ని తీసేయమని ఇప్పుడు ఆ పిల్లే వాదించాలి.

వాదిస్తుందా? పొద్దుటినుంచీ ఆమె గుండెల్లో గుచ్చుకుంటున్నది ఇదొక్కటే. మనసు పెట్టి వాదిస్తే నెగ్గుతుంది, నోటితో వాదించి మనసుని ఇంట్లో పెట్టి వస్తే వీగిపోతుంది, ఆ తేడా ఎవరూ పట్టుకోలేరు, పట్టుకున్నా నిరూపించలేరు. వీగిపోతే జరిగేది ఆమెకి కళ్ళకి కట్టినట్టు తెలుసు. షెడ్యూలర్ ఉంటుంది, తను రిటైరయ్యేదాకా దానికి కట్లు కడుతూ కూర్చుంటుంది, ఈ భాషలో ప్రోగ్రాములు రాసుకునేవాళ్ళు ఒక్కొక్కరే చల్లగా జారుకుంటారు, ఆఖరికి ఎప్పుడో ముక్కూ మొహం తెలియని ఎవడో ఇదెవరు రాశారా అని తిట్టుకుంటూ దాన్ని పీకి పారేస్తాడు. తిట్లు తినడానికి కాదు తను దాన్ని రాసింది. అది తలెత్తుకుని వెళ్ళాలి, అందరూ ఇంకా అబ్బ ఎంత బాగా రాశావమ్మా అంటుండగానే వెళ్ళాలి, ఇందులో పొగరుంది అంటే ఉంది, ఉండకూడదా, అంత పని చేసినదానికి ఆ కాస్త పొగరు కూడా ఉండకూడదా?

ఒళ్ళో ఫోను గింజుకుంది. వాళ్ళాయన. ఈత నేర్పే మాస్టారు కాబట్టి ఆయన ఎక్కడినుంచి మాట్లాడినా వెనకాల నీళ్ళ చప్పుడూ పిల్లల కేకలూ గోడలకి కొట్టుకుని తిరిగొస్తుంటాయి.

"ఏమైంది నా సవతి సంగతి?" అన్నాడు.

"ఇంకా తేల్లేదు."

"పెళ్ళైన కొత్తలో నా పక్కన కన్నా దాని పక్కనే ఎక్కువ కూర్చున్నావు. ఇప్పుడు దాన్నే ఇంట్లోంచి వెళ్ళగొట్టమని అర్జీ పెట్టుకున్నావు. నా వంతెప్పుడో ముందే చెబితే బట్టలు సర్దుకుంటా."

"నీ వంతు ఎప్పుడో దాటిపోయింది, మర్చిపోయి ఉంచేశాను. పెట్టెయ్, ఆ పిల్లల్ని చూసుకో."

పెట్టేశాడు గానీ నవ్వు మాత్రం ఆమె పెదాల మీదే ఉండిపోయింది. ఈ మనిషికి థ్రెడ్ అంటే ఏమిటో తెలియని రోజుల్లోనే ఊరంతా టముకు వేశాడు, మా ఆవిడ షెడ్యూలర్ రాసింది అని పళ్ళ డాక్టరుకి కూడా చెప్పాడట, నోట్లో దూది పెట్టుకుని మరీ. ఇంతకీ అదేమిటో నాకు కూడా చెప్పు, ఎవరైనా తిరిగి అడిగితే పరువు పోతోంది అన్నప్పుడు ఆమె పెద్దమ్మ పార్లర్ గురించి చెప్పింది. పెద్దమ్మ ఇంటి ముందుగదిలో మూడు కుర్చీలు, ఒక పెద్ద అద్దం, గోడ పొడవునా ఒక బల్ల, బడి లేని రోజుల్లో ఆమె ఆ బల్ల చివర కూర్చుని రాలిన జుట్టు చీపురుతో పోగు చేస్తుండేది, చేస్తున్నట్టు నటిస్తూ పెద్దమ్మని చూస్తుండేది. వచ్చిన ప్రతి మనిషికీ ఒక కుర్చీ ఇచ్చేస్తే ఏ గొడవా ఉండదు, ఎవరి కుర్చీలో వాళ్ళు, పనయ్యాక లేచిపోతారు, కానీ తలకి రంగు వేయించుకున్నావిడ ఆ రంగు పట్టేదాకా ఊరికే కుర్చీ పట్టుకుని ఉంటుంది, కొత్తగా వచ్చినావిడకి ఇంకో కుర్చీ వెయ్యాలి, గది చాలదు. పోనీ ఒక్క కుర్చీతో అందరికీ వంతులేద్దామంటే చోటు కలిసొస్తుంది, ఒక్కరు మొండికేస్తే మాత్రం గుమ్మం దాకా అందరూ ఆగిపోతారు. పెద్దమ్మ రెండూ చెయ్యలేదు. రంగు పూయడం అవగానే నువ్వు లేచి బల్ల మీద కూర్చోవే అనేది, ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టి కత్తిరించేది, బల్ల మీదావిడ రంగు పట్టిందా లేదా అని ఒక కన్ను అటే వేసి ఉంచేది, ఏ కుర్చీ ఖాళీ అయితే ఆ కుర్చీలోకి మళ్ళీ పిలిచేది, మూడు కుర్చీల మీద గదినిండా తలలు నడిపేది. కుర్చీలంటే ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే థ్రెడ్లు. తలలంటే ప్రోగ్రాములో ఒకేసారి జరగాల్సిన పనులు, మేం తేలిక థ్రెడ్లు అంటాం. ఎవరు లెయ్యాలో ఎవరు కూర్చోవాలో కేకలేసే పెద్దమ్మ షెడ్యూలర్. ఇంత చెప్పాక ఆయన తల పంకించి, ఐతే నువ్వు రాసింది మీ పెద్దమ్మని అన్నాడు. దేశదేశాల సభల్లో ఎందరో ఆ షెడ్యూలర్ గురించి మాట్లాడారు గానీ అంత బాగా ఎవరూ చెప్పలేదు.

ఆ రోజుల్లో ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే కుర్చీలు ఎంత బరువుండేవని, ఒక్కోటి వేసేసరికి మెషిన్ ఆయాసపడేది, కొన్ని వేలు అడిగితే చేతులెత్తేసేది, ఈ భాష వద్దురా బాబూ అని జనం మొహం తిప్పేసుకుంటున్న రోజులవి, తాత గడ్డం పీక్కుంటూ ఏదో ఒకటి చెయ్యండర్రా అంటే అందరూ పైకప్పు వైపు చూశారు, ఆమె నేను చేస్తాను అంది. ఎందుకన్నదో ఆమెకే తెలియదు, నోట్లోంచి వచ్చేసింది, వచ్చాక వెనక్కి తీసుకోవడం ఆమె ఒంట్లో లేదు. బల్ల కింద ఒక పాత మెషిన్, దాని పక్క రేకు ఊడిపోయి ఉండేది, అందులో మొదటిసారి లక్ష తేలిక థ్రెడ్లు ఒకేసారి ప్రాణంతో నిలబడిన మధ్యాహ్నం ఆమెకి ఇప్పటికీ ఒంటి మీద రోమాలు లేపుతుంది, కింద ఉన్నవి నాలుగే నాలుగు కుర్చీలు, పైన లక్ష తలలు, ఒక్కటీ పడిపోలేదు, ఫ్యాను చప్పుడు కూడా మారలేదు, ఆమె లేచి నిలబడి చుట్టూ చూస్తే ఎవరి పనిలో వాళ్ళున్నారు, ఎవరికి చెప్పాలో తెలియక మెట్ల దగ్గర వాచ్‌మన్‌కి చెప్పింది, నిలబడిందండీ అని, ఆయన ఏది నిలబడిందో అడక్కుండా సంతోషం తల్లీ అన్నాడు. చాలదూ? అక్కడినుంచి ఈ భాష పేరెత్తితే అందరూ ముందుగా అడిగింది దాని గురించే. చేసింది తను. ఒక్కతే చేసింది. ఈ మాట పైకి అనదు, కానీ లోపల అనుకోవడానికి ఎవరి అనుమతి కావాలి.

పిడుగు కూడా దాన్ని వెతుక్కుంటూనే వచ్చింది, తిట్టడానికి. ఎక్కడో కాలేజీలో చదువుకుంటూ ఒక ఫిర్యాదు పంపింది, మీ షెడ్యూలర్ గొప్పదే కానీ నా ప్రోగ్రాం తెర మీద ఏదో ఒకటి వాగుతున్నంతసేపే నడుస్తోంది, నోరు మూసుకుని లెక్క చేసుకోమంటే మొత్తం బండి ఆగిపోతోంది, మీ ఇంట్లో మౌనంగా పనిచేసేవాళ్ళకి చోటు లేదా అని. ఆమె దాన్ని నడిపి చూసింది, ఆగింది, ఎక్కడ ఆగిందో తెలుసుకుందామని మధ్యలో ఒక్క మాట తెర మీద రాయించింది, చక్కగా నడిచింది, ఆ మాట తీసేసింది, మళ్ళీ ఆగింది. తల గోడకేసి కొట్టుకోవడమొకటే తక్కువ. తీరా చూస్తే తేలిక థ్రెడ్ కుర్చీలోంచి లేచేది తెర మీద రాసేటప్పుడో ఇంకొకరిని పిలిచేటప్పుడో మాత్రమే, ఏదీ చెయ్యకుండా లెక్కల్లో మునిగితే లేవదు, మిగతా అందరూ నిలబడి చూస్తుండాల్సిందే. ఆమె పెట్టిన పరీక్షలన్నిట్లోనూ థ్రెడ్లు ఏదో ఒకటి వాగుతూనే ఉండేవి, ఎందుకంటే అవి మాట్లాడుతుంటే చూడటం ఆమెకి ముచ్చట. ఈ పని చేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని తెలివితక్కువ పని. గడియారం పెట్టి, ఎంతకీ లేవనివాళ్ళ భుజం తట్టే ఏర్పాటు చేసి, ఆ పిల్లకి జవాబు రాసింది, నీలాంటి గయ్యాళి మాకు కావాలి, చదువు అవగానే వచ్చెయ్ అని. వచ్చేసింది.

"కొంచెం కాళ్ళు పక్కకి పెట్టుకోండమ్మా," అంది ఎవరో. నీళ్ళ డబ్బా మార్చే ఆవిడ, భుజం మీద డబ్బాతో.

ఆమె జరిగింది.

"ఇంటర్వ్యూకొచ్చారా?"

"కాదండీ, ఇక్కడే పని చేస్తాను."

"మరి బయట కూర్చోబెట్టారేంటి?"

"నా గురించే మాట్లాడుకుంటున్నారు లోపల."

ఆవిడ అద్దం కింద కాళ్ళన్నిటినీ ఒకసారి పరకాయించి చూసి, "బూటు విప్పినాయన మంచోడిలాగే ఉన్నాడు, మీకేం కాదు," అని ఖాళీ డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. మిషన్ లోపల బుడగలు బుడబుడమని పైకి లేచాయి.

పిడుగు ఇప్పుడు బోర్డు మీద ఏదో గీస్తోంది, చెయ్యి పైకి లేచినప్పుడల్లా పెన్ను కొస కనపడుతోంది, పొడవు గీతలు, పొట్టి గీతలు, కుర్చీలు గీస్తోంది! పెద్దమ్మ కుర్చీలు, ఈ కథ ఆ పిల్లకి ఎప్పుడో క్యాంటీన్‌లో చెప్పింది, ఐతే వాదన నిద్రపోయే ఆవిడ దాకా వచ్చినట్టే. పెద్దమ్మ దగ్గరికి ఒకావిడ వచ్చేది, డ్రయ్యర్ కింద తల పెట్టగానే గురక, లేపితే శాపనార్థాలు, పెద్దమ్మ ఏమీ అనలేక వంటింట్లోంచి ఇంకో కుర్చీ తెచ్చి వేసుకునేది. ఒకరైతే పర్వాలేదు, వచ్చేవాళ్ళంతా నిద్రపోయేవాళ్ళే ఐతే? అదే జరిగింది. ఈ భాష వాడేవాళ్ళు మారిపోయారు, ఇప్పుడు ఎక్కువమంది యంత్రాలతో మాట్లాడేవాళ్ళు, రక్తం పరీక్షించే యంత్రాలు, టికెట్ గేట్లు, గోదాముల్లో సరుకు మోసే బండ్లు, ఆ మాటలన్నీ ఇంకెవరో రాసిపెట్టిన కోడ్ మూటల, అదే లైబ్రరీల గుండా సాగాలి, యంత్రం జవాబిచ్చేదాకా ఆ లైబ్రరీ కుర్చీలో గురకపెడుతూ ఉంటుంది, దాన్ని లేపి బల్ల మీదికి పంపే దారి లేదు, షెడ్యూలర్ ప్రతిసారీ వంటింట్లోకి పరిగెత్తి కొత్త కుర్చీ తెస్తుంది, ఆఖరికి తలకొక కుర్చీ పడనే పడుతుంది, పైగా పెద్దమ్మ కేకలు అదనం. ఏదైనా పాడైతే తప్పు వెతికే పనిముట్లకి కుర్చీలే కనపడతాయి, తలలు కనపడవు. ఈలోగా ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళేమో కుర్చీలు మడతపెట్టి మూల నిలబెట్టుకునేంత తేలిక చేసేశారు. అలాగని తేలిక థ్రెడ్ల కాలం చెల్లిందని కాదు, అలా అన్నవాడి నోరు ఆమె ఊరికే పోనివ్వదు. ఒక భాష వాటితో మొదలెట్టి, విసిగి, అంతా ఆపరేటింగ్ సిస్టమ్‌కి అప్పజెప్పి, చాలా ఏళ్ళకి మళ్ళీ వాటినే ఇంటికి పిలుచుకుంది, ఇంకొకటి పూర్తిగా పెరగకముందే వదిలించుకుంది, మరొకటి వాటితోనే పుట్టి వాటితోనే వెలుగుతోంది. అందరూ తెలివైనవాళ్ళే. మన ఇంటికొచ్చే చుట్టాలెలాంటివాళ్ళో చూసుకుని మనం పక్కలు వేసుకోవాలి, అంతే. మా చుట్టాలు మారారు అని రాసింది ప్రతిపాదనలో, ఒక్కో మాటా తూకం వేసి, ఎక్కడా కన్నీళ్ళు పెట్టకుండా రాసింది, ఆ రాత కూడా బాగానే వచ్చిందని ఆమెకి గర్వం.

అది చదివిన పూట పిడుగు ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడిన తీరు ఇప్పటికీ కళ్ళముందుంది, చేతులు రెండూ నడుం మీద పెట్టుకుని.

"ఏంటక్కా ఇది? ఎవరైనా బెదిరించారా?"

"నన్నెవరు బెదిరిస్తారే?"

"ఐతే ఒంట్లో బాగాలేదా?"

"గుండ్రాయిలా ఉన్నాను."

"ఐతే పొగరు. మీరు కట్టింది మీరే కూల్చేసుకుని, ఆహా ఎంత త్యాగం అనిపించుకోవాలని. నేను చచ్చినా ఒప్పుకోను."

అని వెళ్ళి, ఆ తర్వాత చాలా రోజులు ఆఫీసులో ఆమెకి తప్ప అందరికీ కాఫీ తెచ్చి ఇచ్చేది. దీన్ని అందరికన్నా గట్టిగా కాదన్నదెవరు అని తాత అడిగినప్పుడు అన్ని తలలూ పిడుగు వైపు తిరిగాయి, ఆ పిల్ల ముఖం అప్పుడు చూడాలి, తను తవ్విన గోతిలో తనే నిలబడ్డట్టు. ఆ రోజునుంచి ఒక్క ప్రశ్న కూడా అడగడానికి రాలేదు. అడిగితే పద్ధతి తప్పినట్టని కాదు, పద్ధతిలో అడగొచ్చు, అడగలేదు. చదివిందో లేదో. ఇప్పుడైనా మనసు పెట్టి చెబుతోందో లేదో. పట్టీ పైన ఆ కళ్ళు ఎవరినో చూస్తున్నాయి, రెప్ప వెయ్యడం లేదు. కంపైలర్ ఆయన రెండు పాదాలూ నేలకి ఆనించి ముందుకు జరిగాడు, అంటే అడ్డు ప్రశ్న వేస్తున్నాడు, ఆయనకి బుర్రకెక్కడం వేరు, ఒప్పుకోవడం వేరు, ఎక్కినకొద్దీ మరీ మొండికేసే రకం. పిడుగు జవాబు చెప్పలేదు. పెన్ను కిందపెట్టినట్టుంది, చెయ్యి దిగిపోయింది. నుదురు కూడా దిగిపోయింది, ఇప్పుడు జుట్టు ముడి ఒక్కటే కనపడుతోంది, తలొంచుకుని నిలబడిందా? ఎందుకు? చెప్పడానికేమీ లేకనా, లేక చెప్పకూడదనా? వీగిపోయింది, ఇంక అయిపోయింది అనుకుంది ఆమె, అనుకోగానే, సిగ్గు లేకుండా, గుండెలో ఒక మూల హమ్మయ్య అన్నది ఎవరు? ఉండిపోతుందా ఐతే, నా షెడ్యూలర్ ఉండిపోతుందా అని చిన్నపిల్లలా గంతేసింది ఎవరు? ఆమె తన రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని, నోరు మూసుకో అని ఆ మూలకి చెప్పింది. కళ్ళు మళ్ళీ పైకి లేచాయి. ఏదో చెబుతోంది. చాలాసేపు కాదు, కొంచెమే చెప్పింది. గదిలో ఒక్క పాదం కదల్లేదు.

ఆ తర్వాత చేతులు లేచాయి. పట్టీ పైకి ఒక్కొక్కటే వేళ్ళు, అరచేతులు, తాత ముడతల మణికట్టు, కంపైలర్ ఆయన సిరా మరకల చొక్కా అంచు, అన్నీ లేచాయి, నిలబడి ఉన్న పిడుగు చెయ్యి మాత్రం లేవలేదు. దిగాయి. మళ్ళీ ఒక్క చెయ్యి లేచింది, సన్నటిది, పిడుగుది, దాని పక్కన ఇంకేదీ లేదు. ఐతే మొదట అడిగింది దేని గురించి? ఉంచుదామన్నదానికి అందరూ చేతులెత్తి, తీసేద్దామన్నదానికి పిడుగు ఒక్కతే ఎత్తిందా? అంటే తన వాదన తననే మార్చేసిందా, మిగతావాళ్ళెవరినీ మార్చలేకపోయిందా? లేక అటుదిటా? ఆమె బెంచీ మీదినుంచి లేచింది, లేచాక ఎందుకు లేచిందో తెలియక గ్లాసులోకి నీళ్ళు పట్టుకుంది, తాగలేదు.

తలుపు తెరుచుకుంది. పిడుగే ముందు వచ్చింది, ముఖం కందగడ్డలా ఉంది, ఆమె చేతిలో గ్లాసు లాక్కుని గటగటా తాగేసింది.

"నెగ్గారు," అంది. "తీసేద్దామన్నదానికే ముందు అడిగారు తాత."

"ఐతే ఆ రెండో చెయ్యి..."

"ఉంచుదామని. నాదొక్కటే. అందర్నీ ఒప్పించానక్కా. నన్ను నేను ఒప్పించుకోలేకపోయాను."

వెనకాల మిగతావాళ్ళు బయటికొస్తున్నారు, ఒకరు ఆమె భుజం మీద చెయ్యి వేసి వెళ్ళారు, తాత తలొంచి నమస్కారం పెట్టి వెళ్ళాడు, ఆయన ఎవరికీ పెట్టడు.

"ఆ మొండి మనిషిని ఎలా ఒప్పించావు?" అంది ఆమె.

"మీరు రాసినవన్నీ చెప్పాను. ఆయన కదల్లేదు. ఇప్పుడు నడుస్తోందిగా, పాడైతే బాగుచేయడానికి మీ ఇద్దరూ ఉన్నారుగా అన్నాడు." పిడుగు ఖాళీ గ్లాసు అడుగులోకి చూసింది. "ఇద్దరు లేరండీ, ఒక్కరే ఉన్నారు, ఆవిడ నడవలో కూర్చున్నారు అని చెప్పాను."

"అదేంటి, నువ్వున్నావుగా."

"నాకు రాదక్కా."

"ఏం రాదు? ఆ నిద్రలేపే బగ్ నువ్వేగా తీసింది?"

నిద్రలేపే బగ్. పని లేని కుర్చీ పడుకుంటుంది, పని రాగానే దాన్ని ఎవరో లేపాలి, లేపే కేక అది కళ్ళు మూయడానికి ఒక్క క్షణం ముందు వచ్చి వెళ్ళిపోతే ఇక దాన్ని లేపే దిక్కుండదు, షెడ్యూలర్ మొత్తంలో అతి కష్టమైన ముక్క అదే, అందులో తప్పు దొరికినప్పుడు ఈ పిల్ల పట్టుబట్టి తీసుకుని, చిక్కి సగమై, ఒకరోజు సరిచేసి తెచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు, నా తర్వాత ఇది తెలిసింది ఈ పిల్లకే అని ఆమె నిండు గదిలో చెప్పింది.

"అటూ ఇటూ మార్చి చూశాను," అంది పిడుగు. "ముందుది వెనక పెట్టాను, వెనకది ముందు పెట్టాను. ఒకసారి కుదిరింది. ఎందుకు కుదిరిందో ఈరోజుకీ తెలీదు. మీరు అందరి ముందూ అలా అనేసరికి ఇంక నోరు రాలేదు. ఇవాళ అందరి ముందే చెప్పేశాను, దీన్ని ఇంత ప్రేమించే నాకే అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది, దీని మీద యంత్రాలు ఎలా నడుపుతారు అని. అప్పుడు ఒప్పుకున్నాడాయన."

ఆ మాట ప్రతిపాదనలో లేదు. అన్నిటికన్నా గట్టి మాట అదే, ఆమెకి తెలియక కాదు రాయనిది, ఇది నాకు తప్ప ఎవరికీ అర్థం కాదు అని రాస్తే డప్పు కొట్టుకున్నట్టుంటుందని వదిలేసింది, అసలు నిజం ఇంకా లోపల ఉంది, ఇది నాకు తప్ప ఎవరికీ అర్థం కాదన్న సంగతి ఆమెకి ఇష్టం, చాలా ఇష్టం. తను దాచుకున్న దాన్ని ఈ పిల్ల తన పరువుతో సహా బల్ల మీద పెట్టేసింది, ఉంచుకోవాలని ప్రాణం పెట్టినదాన్నే ఓడించడానికి, పద్ధతి కదా అని, నిజం కదా అని. ఆ లక్ష థ్రెడ్లు నిలబడిన మధ్యాహ్నం కూడా ఆమె ఛాతీ ఇంత పొంగలేదు. నా పిల్ల అనుకుంది, ఈసారి షెడ్యూలర్ గురించి కాదు.

"నిన్ను చూస్తే నాకెంత గర్వంగా ఉందో తెలుసా?" అంది.

"అదంతా తర్వాత," అంది పిడుగు ముక్కు ఎగబీల్చి. "దాన్ని తీసేసేది నేను. ఇంకెవరి చెయ్యీ పడనివ్వను."

"సరే."

"సరే కాదు. అర్థం కానిదాన్ని నేను తీసేయను. ముందు మొత్తం చెప్పండి, మొదటి లైను నుంచి. నాకు తెలిశాకే చెయ్యి వేస్తాను."

దాన్ని వాడినవాళ్ళున్నారు, మెచ్చుకున్నవాళ్ళున్నారు, తిట్టినవాళ్ళున్నారు, ఇన్నేళ్ళలో కూర్చోబెట్టి మొత్తం చెప్పమన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఆమె గదిలోకి నడిచింది. పిడుగు వెనకే వచ్చి తలుపు మూసి, బోర్డంతా శుభ్రంగా తుడిచి, పెన్ను ఆమె చేతికిచ్చి, మొదటి వరసలో కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె బోర్డు మీద నిలువుగా ఒక గీత గీసింది.

"మొదట్లో," అంది, "ఒక్కటే థ్రెడ్ ఉండేది."